ఏ ఊరి గాలి

నా లాప్‌టాప్‌లో అది పులి.
అద్దె సర్వర్ ఎక్కించగానే
పిల్లి కూడా కాదు, మ్యావ్ అనలేదు.

"నా దగ్గర పనిచేస్తోందే" అన్నాను.
"అయితే నీ లాప్‌టాప్‌నే పార్శిల్ చేద్దాం" అన్నాడు ఓచోలా,
ఉడికించిన మొక్కజొన్న నములుతూ.

సరే, మూట కట్టడానికి కూర్చున్నాను.
రెండేళ్ల కిందట, కరెంటు పోయేలోపు
హడావిడిగా దించుకుని మరిచిపోయిన లైబ్రరీ ఒకటి
అటక మీద దొరికినట్టు దొరికింది.
దాని పేరు రాశాను, వయసు రాశాను.
అవూర్ అని నా పేరు మీదుగా పోయే దారులన్నీ కొట్టేశాను.
అక్కడ నా ఇల్లుండదు,
రేకు మీద వాన చప్పుడుండదు.
పాస్‌వర్డ్ బయటే ఉంచాను.
తాళంచెవి పెట్టెలో పెట్టి పంపేవాళ్లుంటారా అంటే,
ఉంటారు. మొదటిసారి నేనే.

గిగాబైటు దాటింది కంటైనర్.
సగం ఎక్కేసరికి ఫోన్లో డేటా అయిపోయింది.
విప్పాను, సగం పారేశాను, మళ్లీ కట్టాను.
ఎండబెట్టిన ఒమేనా చేపంత తేలికైంది.
ఎక్కడ విప్పినా ఒకేలా తెరుచుకుంటుందని
ఓచోలాతో పందెం కూడా కాశాను.

అమావాస్య. డుంగా రేవు నుంచి పడవలు వెళ్లాయి,
చేపల్ని పిలిచే దీపాలతో.
పెట్టె తెరుచుకుంది.
నలభై ఒక్క ఫోన్లు మోగాయి:
రాత్రి పదకొండింటికి పెనుగాలి.

పదకొండింటికి సరస్సు కదల్లేదు.
ఒగాడా తాత దీపాలు పడవలోకి లాక్కుని
చూశాడు, చూశాడు,
నన్ను నాలుగు తిట్టి మళ్లీ నీళ్లమీద పెట్టాడు.
గాలి రెండింటికి వచ్చింది.

మనుషులందరూ వచ్చారు. ముందు అదే లెక్కపెట్టాను.
సగం వల రాలేదు.
పగిలిన దీపం గాజు నా ముందు పెట్టి అడిగాడు తాత:
"గాలి నిజమే చెప్పావమ్మా.
ఏ ఊరి గాలి అది?"

అన్నీ సర్దాననుకున్నాను.
పెట్టెలోపలి గడియారం
భూగోళం సున్నా గీత మీద కునుకుతోంది.
ఇక్కడ పొద్దు మూడు గంటలు ముందని
నా లాప్‌టాప్‌కి నేనెప్పుడూ చెప్పలేదు,
దానికి తెలుసు. తెలుసు కనకే
ఎవరికీ చెప్పాలని తోచలేదు.

తాత లెక్క ఇంకోటి.
పొద్దు పొడిచిన గంటకి ఆయనకి ఒంటిగంట.
ఆ గాలొచ్చింది ఎనిమిదింటికట.
అదీ రాసుకున్నాను.

నైరోబీ సమయం అని ఒక వరుస చేర్చి
మళ్లీ కట్టాను. బరువు పెరిగిందేమో, చూడలేదు.

గాజుకి నాలుగొందల షిల్లింగులిచ్చాను.
ఇరవై వెనక్కిచ్చాడు.