క్యాను వచ్చిన రోజు

మూడో ల్యాప్‌లో, లోయ పక్క మలుపు దగ్గర
నా ఎర్రకారు నా మాట వినడం మానేసింది.
బొటనవేలు ఎడమవైపే అదిమి ఉంది.
కారు మాత్రం ఎవరో పేరంటానికి పిలిచినట్టు
తిన్నగా, తొణక్కుండా
రెయిలింగు దాటి లోయలోకి దిగిపోయింది.
చేతిలో కంట్రోలర్ దీపం
మినుకు మినుకుమంటూ ఎవరినో వెతుకుతోంది.
ఇక్కడే ఉన్నాం కదా, నేనూ కంప్యూటరూ,
నాలుగడుగుల దూరంలో.

చూళైమేడులో రెండో అంతస్తు, ఒకే గది.
పగలంతా అంబత్తూరులో స్టీలు రింగుల లెక్కలు రాసి
రాత్రి తొమ్మిది దాటాక ఓ గంట
ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని రోడ్ల మీద ఉంటాను.
ఆ గంట మీద పడింది దెబ్బ.

ముందు బ్యాటరీలు మార్చాను.
టార్చిలోంచి ఒకటి, గోడగడియారంలోంచి ఒకటి పీకి.
ఇప్పుడు ఆగినవి మూడయ్యాయి.
జత కలిపే బొత్తాం పది సెకన్లు నొక్కి పట్టాను,
గడియారం ఆగింది కనక నోటితో లెక్కపెట్టి.
డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను.
కరెంటు పొదుపని డాంగిల్‌ని నిద్రపుచ్చే టిక్కు
లోపలెక్కడో ఒకటుంటుంది, దాన్నీ తీసేశాను.
ఆఫ్ చేసి, పళ్ళు తోముకొచ్చి, ఆన్ చేశాను.
మంగళవారం దానంతటదే పనిచేసింది.
శనివారం మళ్ళీ పోయింది.

రిచీ స్ట్రీట్‌కి పట్టుకెళ్తే
కొట్టు కుర్రాడు తన కంప్యూటర్‌కి కలిపి
ఓ గోల్ కొట్టి చూపించాడు.
"ఇది బాగానే ఉందక్కా, మీ ఇంట్లోనే ఏదో."
ఈ మాట ఇంతకుముందూ విన్నాను,
వేరే మనుషుల నోట, వేరే సంగతుల్లో.
బస్సులో ఆ 'ఏదో'ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

లెక్కల మనిషిని. కాగితం తీశాను.
తేదీ, వేళ, పోయిందా, పలికిందా.
మూడు వారాలు.
శనాదివారాలు పోతుంది, సోమవారం గింజుకుంటుంది,
మంగళవారం ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది.
శనివారం ఏముంది?
శనివారం పొద్దున్నే ఏళుమలై వస్తాడు.

ఏళుమలై, మనవైపైతే ఏడుకొండలు.
ఇరవై లీటర్ల క్యాను భుజాన వేసుకుని
నలభై మెట్లూ ఎక్కి, చెప్పులు బయట విడిచి
కంప్యూటర్ పెట్టె పక్క స్టూలు మీద దించుతాడు.
డాంగిల్ పెట్టె వెనక. నేను మంచం మీద.
మధ్యలో నిండు క్యాను.

నా బొటనవేలు చెప్పేదంతా నీళ్ళు తాగేస్తున్నాయి.
ఎడమకి, బ్రేకు, ఇంకా ఎడమకి,
అన్నీ గుటుక్కు గుటుక్కుమని.
మంగళవారానికి నేను తాగి తాగి మట్టం దించితే
పైనుంచి ఓ సందు దొరుకుతోంది.
అంటే ఇన్నాళ్ళూ గ్లాసు గ్లాసుకీ
నా మలుపులే నేను తాగాను.

స్టూలు జరపొచ్చు. ఎటు? అటు పొయ్యి, ఇటు తలుపు.
డాంగిల్‌కి పొడుగు తీగ నూట ఇరవై రూపాయలట.
కొంటాను, వచ్చే నెల.

వచ్చే నెల మే.
లారీలు రాలేదు. ఏళుమలై ఫోనెత్తలేదు.
క్యాను అడుగున రెండు వేళ్ళ నీళ్ళు, తర్వాత అవీ లేవు.
ఆ నాలుగు రాత్రులూ కంట్రోలర్ ఒక్కసారి తెగలేదు.
వేలు అనుకుంటే చాలు, కారు వినేది.
లోయ పక్క మలుపు నూట నలభైలో తిప్పాను.
మొదటిసారి మొదటిదాన్నయ్యాను,
తెర నిండా రంగు కాగితాలు రాలాయి.
పక్కవాటా పచ్చియమ్మ ఇచ్చిన అరచెంబు నీళ్ళు
గెలిచాక తాగుదామని దాచాను.
గెలిచాక, రేపటికని మూత పెట్టాను.

ఐదో రాత్రి, చివరి ల్యాప్‌లో
మెట్ల మీద ఆ చప్పుడు.
ఓ అడుగు, ఓ ఎగశ్వాస,
క్యాను గోడకి నీళ్ళు కొట్టుకునే గుబగుబ.
ఆటని ఆపనైనా ఆపకుండా
కంట్రోలర్ మంచం మీద పడేసి తలుపు తీశాను.

"ఎక్కడ పెట్టాలక్కా?"
ఎప్పుడూ అడగడు.
వెనక నా కారు తిన్నగా పోతున్న చప్పుడు,
రెయిలింగు.
"అక్కడే," అన్నాను.