పరిగె

ఫిబ్రవరి వచ్చిందంటే
ఎనుమాముల గాలి దగ్గుతది.
తేజ, వండర్ హాట్, చపాట,
బస్తా మీద బస్తా ఎక్కి
షెడ్డు కప్పును ముట్టుకుంటయి.
కాంటా అయినంక, హమాలీలు లేపినంక
కింద రాలినది నాది.
చీపురు, జల్లెడ, పాత చీర మూట.
నాలుగో షెడ్డు, పదకొండేండ్ల సంది.

రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు నావి,
ఒక్కో వత్తు కాడ ఆగి ఊపిరి తీసుకుంటయి.
ఎంత కడిగినా చేతుల మంట పోదు.
ఆ వేలితోనే వరుస వెంట పోత,
ఆ వేలితోనే కన్ను నలుపుకుంట.
వాక్యానికి ఎంత కరిగిపోతదో అని
పక్కింటి సారమ్మ చర్చిల సాక్ష్యం చెప్పింది.
నేను కాదనలే.

నా బైబిల్ల రూతు పేజీ ఎర్రగుంటది.
తక్కినయన్నీ తెల్లగనే ఉన్నయి.
హమాలీ మా ఆయన
బస్తా కింద కూలిన ఏడు
తీమోతి పాస్టరయ్య తెరిచి ఇచ్చిండు ఆ పేజీ.
పరాయి దేశపు పిల్ల,
మొగడు పోయిన పిల్ల,
కోతగాండ్ల వెనక వంగి
పడ్డ వెన్నులు ఏరుకునే పిల్ల.
పరిగె అన్న మాట కాడ నా వేలు ఆగింది.
నేను చేసే పనికొక పేరున్నదని,
ఆ పేరు దేవునికి ఎరుకేనని
అప్పటిదాక ఎవలూ చెప్పలే.
అడ్తి గుమస్తా ‘ఓ ఊడ్పుదానా’ అంటే
లోపల ‘రూతూ’ అని వినుకునేదాన్ని.
గా ఒక్క పేరు మీద
ఇద్దరు పిల్లల్ని ఇంటరు దాటించిన.

ఈ యేడు బుద్రి వచ్చింది.
ఛత్తీస్‌గఢ్ అవతలి నుంచి
ములుగు దిక్కు మిరప ఏర వచ్చిన గుంపుల
ఒక్కతే మిగిలిపోయిందట.
చంకల పిల్లోడు, తుమ్ముకుంట ఏడుస్తడు.
నా షెడ్డుల వంగింది.
ఆమె మాట నాకు రాదు,
నా మాట ఆమెకు రాదు.
చీపురు ఎత్తితే మాత్రం
ఇద్దరికీ అర్థమైంది.

ఆ రాత్రి ఎప్పటిలెక్కనే
ఓదార్పు కోసం ఎర్ర పేజీ తెరిచిన.
నా జాగల ఎవరో వంగి ఉన్నరు.
కండ్లు తుడుచుకొని మళ్లా చూసిన,
చంకల పిల్లోడు కూడా ఉన్నడు.
మరి నేనేడ ఉన్నట్టు?
వరుస వరుస వెతికిన.
ఆ పిల్లను కసురుకోవద్దని
బోయజు పనోళ్లకు చెప్పిన కాడ
వేలు చురుక్కుమన్నది.
పదకొండేండ్లు చదివిన ఆ మాట,
నాతోని అంటున్నట్టు
ఒక్కనాడూ వినపడలే.

కొట్లాట పెట్టుకున్న.
బోయజుకు పొలమున్నది ప్రభువా,
నాకేమున్నది, చీపురు కట్ట.
ఊడ్పుకు గట్టెక్కడిది, మూలెక్కడిది
విడిచిపెట్టనీకి?
ఆయన ఏం మాట్లాడలే.
దోమలు, దూరంగ కాజీపేట రైలు కూత.

తెల్లారి స్తంభం కాడ కొంచెం విడిచిన.
విడిచి, మళ్ల సగం తీసుకున్న.
నాలుగు అడుగులేసి, తిట్టుకుంట వెనక్కి వచ్చి
తీసుకున్నదాని మీద ఇంకో పిడికెడు పోసిన.
ప్రేమ అని చెప్తే అబద్ధమైతది.
ఆ వాక్యం మెడ పట్టుకున్నది, అంతే.
బుద్రి నన్ను చూడలే, నేల చూసింది.
జల్లెడ లేదు ఆమెకు,
మట్టితో సహా కొంగుల వేసుకుంటుంటే
నా జల్లెడ అటు తోసిన.
పిల్లోని ముక్కుకు తడిగుడ్డ కట్టుమని
చేతులతోని చెప్పిన.

ఆ పూట రెండు కిలోలు తక్కువ తూగింది.
రాత్రి లెక్కేసుకుంటే కడుపు మండింది,
అబద్ధమెందుకు.

నిన్న మత్తయి తెరిచిన, మొదటిసారి.
శత్రువు గురించి ఏదో ఉన్నదక్కడ,
చదువుతుంటే గుమస్తా మొకం యాదికొచ్చి
గబుక్కున మూసేసిన.
పొద్దుగాల చూస్తే
తెల్లటి అంచు మీద
నా వేలిముద్ర, ఎర్రగ.
ఇంకెన్ని పేజీలు మండుతయో.