ఖాళీ గడి

మూడొందల మీటర్ల ఎత్తులో తాడు పరిచాం,
ఇటు పది అడుగులు, అటు పది.
లోపల జీడిమామిడి, జీడిమామిడి, మళ్లీ జీడిమామిడి.
అంచున బిక్కుబిక్కుమంటూ ఒక తునికి పిల్ల.
పుస్తకంలో రెండు పేర్లు రాసి
పర్లాకిమిడి ఇడ్లీల పొట్లం విప్పాను.
ఇంత తేలికా మహేంద్రగిరిని లెక్కపెట్టడం!

తరంతి తినలేదు.
"మాయమ్మ కాలంలో ఇక్కడి అడ్డతీగె
ఏనుగునైనా కట్టీసేది బాబూ" అంది.
లేనివాటిని రాసే గడి
నా పుస్తకంలో లేదు.

ఆరొందల దగ్గర గుగ్గిలం చెట్లు వరస తప్పాయి.
మద్ది మాను మొసలి వీపులా నెరిసి ఉంది.
జీలుగు చెట్టుకి వేలాడే కుండ ఎవరిదో
వాళ్ల తాత పేరుతో సహా చెప్పి కదిలిందామె.
కుండని కూడా రాసుకోనా అని నవ్వాను.
తను నవ్వలేదు.

తొమ్మిదొందలు.
ఇక్కడ లెక్క చేతిలోంచి జారిపోయింది.
చెట్టు మీద నాచు, నాచులో వేలెడు ఫెర్న్,
ఫెర్న్ ఆకు వెనక గోధుమరంగు చుక్కలు,
కొమ్మ చంకలో బదనిక, గాలిని తాగే దాని వేళ్లు.
కూలిన మాను మీద పదకొండు రకాల మొలకలు:
ఒక్క శవానికి ఇంతమంది వారసులా!
కింది వేడికి ఓర్చలేక ఎక్కినవీ
పైచలికి ఆగలేక దిగినవీ
గుమ్మ సంతలో సవర, ఒరియా, తెలుగు
ఒకే బేరంలో కలిసినట్టు కలిశాయి.
జలగ చీలమండ దగ్గర తన వాటా తీసుకుంది.
నా తెలుగు పేర్లు పదిహేడుతో అయిపోయాయి.
తరంతి సవరలో చెబుతూనే ఉంది.
గొంతులోనే తెగిపోయే ఆ శబ్దాలకి అక్షరం దొరక్క
విన్నంత మేరకి రాశాను.

పన్నెండొందలు దాటాక
చెట్లు మోకాళ్ల మీద కూర్చున్నాయి.
భోజనాలయ్యాక పందిరి ఖాళీ అయినట్టు
ఒక్కో పేరూ వెళ్లిపోయింది.
కొండ నెత్తిన గడ్డి, చిట్టీత, రాతికంటిన నాచు.
మొత్తం ఎనిమిది.
'తక్కువ' అని రాయబోయి ఆగాను.
వాటిలో ఆరు కింద ఎక్కడా కనబడలేదు మాకు.

ఎనిమిదోది నీలం పువ్వు, గోరంత.
దీనికి పేరు లేదా?
"ఉంది. మంచు దిగినప్పుడే అంటాం.
ఇప్పుడు ఎండ కాస్తంది కదా."

రాత్రి విడిది గదిలో షడంగి గారు
చుక్కలు కలిపి గీత గీశారు.
నడుమ లేచి రెండు వైపులా వాలింది, ఏనుగు వీపులా.
"చక్కగా వచ్చింది" అన్నారు.
కుడి వాలు గాలిది, చలిది. సరే.
ఎడమ వాలు ఎవరిదండీ,
జీడిమామిడి వైపుది?
అడుగుదామనుకునేసరికి కరెంటు పోయింది.

పుష్యంలో మళ్లీ ఎక్కాలి, మంచు పడ్డాక,
తరంతి వస్తానంటే.
పుస్తకంలో ఇంకో గడి గీశాను,
అడ్డతీగె కోసం.