పోయిన కాసు

గురువారం. చిత్తూరు సంతపేట వెనక సందులో
దెబోరక్క ఇంట్లో కూడిక.
మామిడి కాలం.
గుజ్జు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి నేరుగా వచ్చినోళ్ళ చేతుల్లో
తోతాపురి జిగురు ఇంకా ఆరలేదు.
"స్తోత్రం" అని చేయి కలిపితే
చెయ్యి చేతికంటుకొని
ఒక్క క్షణం ఆలస్యంగా విడిపోయేది.
ఆ ఆలస్యాన్నే సహవాసం అనుకున్నాను చాన్నాళ్ళు.

చాప మీద పదకొండు మందిమి.
చదువొచ్చినోళ్ళు ఇంకా ఉండారు,
కళ్ళజోడు ఉండేది నాకొక్కదానికే.
అందుకని వాక్యం నా వంతు.

పది వెండి కాసులుండే ఆడమనిషి.
ఒకటి పోయింది.
దీపం ముట్టించి, ఇల్లంతా ఊడ్చి,
దొరికిందాకా విడిచిపెట్టలేదు.

మాకు కొత్త భాగమేం కాదు.
ఏటా పాస్టరయ్య చెప్పేదే:
కాసు మనము, వెతికేది ఆయన.
మేము తల ఊపేది, ఆమెన్ అనేది,
ఆ తర్వాత టీ.

ఆ రోజు పాస్టరయ్య పెండ్లికని పలమనేరు పోయినాడు.
అర్థం చెప్పే మనిషి లేక
వాక్యం మా నడుమ
కోసి పెట్టిన పండు మాదిరి ఉండిపోయింది.
ఎవురు ముందు చెయ్యి పెడతారా అని అందరమూ చూస్తా.

పాక్యమ్మ పెట్టింది.
ముప్పై ఏండ్లు మున్సిపాల్టీ చీపురు పట్టిన చెయ్యి.
"ఊడ్చేటోళ్ళకి తెలుస్తాది మే," అనింది.
"గొర్రె తప్పిపోతే అరుస్తాది.
పిల్లోడు తప్పిపోతే ఆకలేసి ఇంటికొస్తాడు.
కాసుకి నోరుందా?
పోయినానని దానికే తెలీదు.
మంచం కోడు కింద, దుమ్ములో,
రాజు మొగం నేలకేసి పడుంటాది."

కొంగుతో మెడ తుడుచుకొని, కాస్త ఆగి:
"ఇంకోటి. అది అడివిలో పోలేదు మే.
ఇంట్లోనే పోయింది."

ఎవరూ ఆమెన్ అనలేదు.
దెబోరక్క చాప ఈనె ఒకటి పీకుతా ఉండాది.

బయట కాలవ బండ మీద
ఆమె మొగుడు ఎలీషన్న కూర్చోనుంటాడని
మాకందరికీ తెలుసు.
ప్రతి గురువారమూ. మూడేండ్లుగా.
చర్చి రేకుల లెక్కలో ఎవరో ఒక మాట అనినారు.
ఆ మాటకి చెప్పులేసుకొని దిగినోడు
మళ్ళా కూడికలో విప్పలేదు.
ఆ అనినోళ్ళు ఈ చాప మీదే ఉండారు.
లెక్క రాసింది నేను.
సరిగ్గా ఉందని తెలిసి కూడా
ఆ పూట కళ్ళజోడు తుడుచుకుంటా కూర్చున్నాను.
నా పాపం అంతే. అంత చిన్నది, అంత శుభ్రమైనది.

సంపూర్ణమ్మ నవ్వించాలని చూసింది:
"కాసు దొరికిందని ఇరుగుపొరుగుని పిలిచిందంట గదా,
వాళ్ళ కాఫీ ఖర్చుకే ఆ కాసు చాలదు పో!"
నవ్వినాం.
నవ్వు అయిపోయినాక
అదే మాట మళ్ళా ఒకసారి వినపడింది, వేరేగా.

అంతలో గాలి లేచింది, కరెంటు పోయింది.
కొవ్వొత్తి యాడ, అగ్గిపెట్టె యాడ అని
వంటింట్లో గిన్నెలు పడతా ఉంటే
వాకిట్లోంచి ఒక వెలుగు వచ్చింది,
మా చెప్పుల మీదుగా, గడప మీదుగా,
చాప మీది ఇసకంతా చూపిస్తా,
నా ఒళ్ళో తెరిచున్న పేజీ మీదికి.
ఫోను లైటు.
పట్టుకున్న చెయ్యి గడప అవతలే ఉండాది.

"చదువు," అనినాడు.

మిగిలిన రెండు వరసలూ చదివినాను.
పుస్తకం మూసి, అందులో లేనిది ఒకటి చెప్పినాను:
"కొన్న రేకులు నూట పద్నాలుగు.
పైన ఉండేవీ నూట పద్నాలుగే.
నేనే ఎంచినాను."
ప్రార్థన గొంతుతో కాదు,
రేషన్ కార్డు నంబరు చెప్పే గొంతుతో.

వెలుగు రవ్వంత కదిలింది.
కరెంటు వచ్చి చూస్తే గడప దగ్గర ఎవరూ లేరు.
టీ చల్లారిపోయింది. ఎవరూ ఎవరి మొగమూ చూడలేదు.

మరుసటి గురువారం లోపలికొచ్చినాడా అని అడగొద్దు.
మేము కూర్చోబోతా ఉంటే
పాక్యమ్మ చాప చుట్టి చంకన పెట్టుకొని
కాలవ బండ దిక్కు నడిచింది.
"లోపల ఉక్కగా ఉండాది," అనింది.