పది నలభై

ప్రొద్దుటూరు ఆయిలంగడిలో పిల్లోడు
బైకు నూనె డబ్బా ముందుకు తోసినాడు.
"ఇంజనంటే ఇంజనే గదా పీరయ్యన్నా,
నేల మీద తిరిగితే ఏమి, నీళ్ల మీద తిరిగితే ఏమి?"

అట్ల కాదబ్బీ.
బండి ఇంజను ఎత్తెక్కేటప్పుడు ఆయాసపడతాది,
దిగేటప్పుడు ఊపిరి తీసుకుంటాది,
రైలుగేటు కాడ నిలబడి రొంతసేపు తన గురించి తాను ఆలోచించుకుంటాది.
పడవకు దిగుడు ల్యా.
నీళ్లంతా ఎత్తే దానికి,
ఈ గట్టు మీంచి ఆ గట్టు దాకా
నెత్తిన మూట దించనీని కూలోని మాదిరి ఒకటే బిగువు.
నీ బైకు నూనె, నూనెలో నానే క్లచ్చి కోసరం చేసింది.
నాకు కావల్సింది తుప్పు మందు.
శని ఆదివారాలు జనం,
తక్కిన ఐదు దినాలు తడిలో ఊరికే కూర్చోనుంటాది,
మనిషైనా తుప్పు పడతాడు.

డబ్బా వెనకాల ఎఫ్‌సీ-డబ్ల్యూ అని ఉండాల, చూడు.
పిల్లోడు నిచ్చెనేసుకోని పై అరలో వెతికినాడు.
దుమ్ములో రెండు డబ్బాలు దొరికినాయి.
ఒకటి పది ముప్పై, ఇంగొకటి పది నలభై.
రేటు చెప్పేటప్పుడు వాడే గొంతు తగ్గించినాడు.

ఇంజనుతో వచ్చిన పుస్తకంలో ఒక పట్టీ ఉండాది,
ఎండను బట్టి ఏ నూనె పొయ్యాల్నో.
కింద మంచు బొమ్మ, పైన సూర్యుని బొమ్మ.
నలభై డిగ్రీల కాడ పట్టీ అయిపోయింది.
మాకు ఎండాకాలం ఆడే మొదలైతాది.

ముందరి పది చలికాలం లెక్కంట.
ఆ పదితో నాకు పన్ల్యా,
అయినా కలిపే అమ్ముతారు.
నా బతుకులో చలిని దుడ్డు పెట్టి కొన్నది ఇదే మొదలు.

ముప్పైనా నలభైనా అని ఇంట్లో తేల్లా.
"ఎండకు మజ్జిగ పల్చగా తాగుతావా, చిక్కగా తాగుతావా?"
అని అడిగింది దస్తగిరమ్మ.
మనం పల్చన కోరతాం. ఇంజను మన మాదిరి కాదు,
కాగితే నూనె నీళ్లయిపోతాది,
దానికి చిక్కన కావాల.
నలభై తీసుకున్యా.

మా నాయన ఇంత ఆలోచించినోడు కాదు.
బాయి మీది ఆయిలింజనుకు
లారీలోంచి కార్చిన నల్లనూనె
పాత లుంగీలో వడగట్టి పోసేవాడు.
ఒకతూరి గానుగ చెనక్కాయ నూనె గూడా పోసినాడు.
అది తాగి, దగ్గి, ఊరంతా బజ్జీల వాసన లేపి
మూడెకరాల చీనీ తోట తడిపింది.
ఇప్పుడా బాయి ఎనిమిది నిలువుల నీళ్ల కింద ఉండాది.
తోటా ఆడనే.
వచ్చిన పరిహారంలో మిగిలిందాంతో ఈ పడవ.

పోయిన కార్తీకంలో ఒక పొద్దు
పుల్ల పెరికి చూస్తే నూనె పాలటీ రంగు.
లోపలికి నీళ్లు దూరినాయి.
ముప్పై ఏండ్లు బోరు గొట్టానికి చెవి పెట్టి
చుక్క పడలేదని తల పట్టుకున్నోణ్ణి,
ఆ పొద్దు చుక్క పడిందని తల పట్టుకున్యా.
దస్తగిరమ్మ నవ్వింది. నేనూ నవ్వుదునేమో,
రిపేరు బిల్లు చూడకపోయింటే.

అందుకే ఈ తూరి
గండికోట గట్టు కింద పడవను ఒడ్డుకు లాగి,
ఇంజను వెచ్చగా ఉండంగానే పాతది దించినా.
కొత్తది రెండు లీటర్లకు రొంత తక్కువ పోసినా, తొందర పడకుండా.
పుల్ల తుడిచి ముంచితే
గీతల నడుమ తేనె రంగు నిలబడింది.
నూరు గంటలకు మళ్లీ మార్చాల,
తేదీ లైఫ్ జాకెట్ల పెట్టె మీద రాసిపెట్టినా.

పాత నూనె క్యానులో పట్టి మూత బిగించినా.
నీళ్లలో పొయ్యబుద్ధి కాలా.
సెంట్రింగు గుర్రప్ప అడుగుతాండాడు,
పునరావాసం కాలనీలో
ఎవురిదో పైకప్పుకు పలకలు పరిచినాడంట,
పుయ్యనీకె.