ముప్ఫై ఒక్క చుక్క

నవంబరులో మెదిచీనా పొలాల మీద పొగమంచు దిగితే
దారి పక్క కాలువ కూడా కనబడదు.
సైకిలు గంట వినబడ్డాకే మనిషి.
మా తీగలకు మాత్రం అదేమీ పట్టదు.
అరవై ఏళ్ల ఇనుప చట్రాలు
మంచులో నానుతూ, తుప్పులో ఎర్రబడుతూ
రేడియో గెలాక్సీల గొంతు వింటూనే ఉంటాయి.

నా పేరు ఒరెస్తే. ఖగోళం చదువుకోలేదు.
తీగలు బిగిస్తాను, తుప్పు గీకుతాను,
వసంతంలో చట్రాల్లో గూడు కట్టే గోరింకలతో తగువు పడతాను.
ముప్ఫై నాలుగేళ్లలో అబ్బిన విద్య ఒక్కటే:
తెగబోయే తీగ మూలుగు
మామూలు గాలి మూలుగు కాదని.

నిన్న రాత్రి నివేస్ వచ్చింది.
వంటగది బల్ల మీద రెండు పటాలు పరిచి
అంచులు చుట్టుకుపోకుండా
నాలుగు చెస్ట్‌నట్ గింజలు బరువు పెట్టింది.

మొదటిది నేనెరిగిందే, రేడియో గీసిన బొమ్మ.
నడుమ ఒక చుక్క. దాన్నుంచి సన్నటి ధార.
ధార చివర ఉబ్బిన మబ్బు.
అవతలి వైపు కూడా మబ్బుంది, ధార లేదు.
"ఉంది. మననుంచి పారిపోతోంది, అందుకే కనబడదు" అంది.
నడుమ కూర్చున్న నల్లబిలం
నోటిదాకా వచ్చింది మింగకుండా ఊదేస్తే
మూడు పాలపుంతలు పేర్చినంత దూరం పోయిందట.

రెండోదాంట్లో ఏముంది గనక!
నల్ల కాగితం మీద నూకలు ఒలికినట్టు.
"ఇది ఎక్స్-రే.
ఉపగ్రహం పద్దెనిమిది గంటలు రెప్ప వేయకుండా చూస్తే
ఈ ముడి దగ్గర రాలినవి ముప్ఫై ఒకటి."
లెక్కపెట్టాను. ముప్ఫై వచ్చాయి.
మళ్లీ పెట్టాను.
ఒకటి చెస్ట్‌నట్ కింద దాక్కుంది.

పోయినేడు చట్రం మీంచి పడి
పక్కటెముకలు విరిగినప్పుడు నన్నూ తీశారు ఈ ఫొటో.
ఒంట్లోంచి దూరిపోయే కిరణానికి
ఆకాశం దాకా ఎక్కిన కన్నెందుకన్నాను.
"మీ ఒళ్లెంత మందం, ఒరెస్తే?
నెత్తిన ఉన్న గాలంతా తూస్తే
పది మీటర్ల నీళ్లంత బరువు" అని నవ్వింది.
మంచు ఆపలేని రేడియోను తలుచుకుని
కిటికీలోంచి బయటికి చూశాను. ఏమీ కనబడలేదు.

అప్పుడు చెప్పింది, గింజ ఒలుస్తూ.
ఎక్స్-రే చిమ్మే ఎలక్ట్రాను
మహా అయితే కొన్ని పదుల ఏళ్లు వెలుగుతుంది, ఆపై ఆరిపోతుంది.
ఈ ముడేమో కేంద్రానికి లక్ష కాంతి సంవత్సరాల అవతల.
"మరి ఎలా నడిచొచ్చింది?"
"రాలేదు. అక్కడే, దారిలోనే, ఎవరో మళ్లీ ముట్టించారు."
"ఎవరు?"
గింజ నోట్లో వేసుకుంది.

ఇంకో మాట కూడా ఉందట.
అది ధార సొంత వెలుగే కాకపోవచ్చు.
విశ్వం పసితనంలో వదిలిన వెలుగు
చల్లారి అంతటా పరుచుకుని ఉంటే
ఈ ఎలక్ట్రాన్లు దాన్ని ఢీకొట్టి లేపి ఉండొచ్చు.
ఏది నిజమో తేలాలంటే ఇంకో వంద చుక్కలు కావాలి.
సమయం అడిగితే కమిటీ రెండుసార్లు కాదంది.

నేను బొటనవేలి గోరుతో కొలిచాను:
ఎక్స్-రే ముడి రేడియో ముడికి కాస్త వెనక, కేంద్రం వైపు.
"తీగ కూడా అంతే,
తెగే చోటికి జానెడు ఇవతలే మూలుగుతుంది" అన్నాను.
"అలా కాదు" అంది నివేస్.
కాసేపాగి, "అలా కాదనుకుంటా" అంది.

వెళ్తూ తలుపు దగ్గర ఆగి చెప్పింది:
ఆ ముప్ఫై ఒకటిలో ఓ నాలుగు
ఎక్కడివో దారి తప్పి వచ్చినవి.
ఏ నాలుగో తెలుసుకునే దారి లేదు.

బల్ల తుడిచాను. పొట్టు ఎత్తాను.
ఆ కాగితం జోలికి మాత్రం పోలేదు.
తెల్లారి, మంచులో, తొమ్మిదో వరుస తీగ బిగిస్తున్నప్పుడు
ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను,
పరాయి నాలుగింటితో సహా.