నష్టం రాసుకోను పోయిన పొద్దు

పలమనేరు దాటి, కౌండిన్య అడివి ఆగిపోయే కాడ
చెంగమ్మ ముప్పావెకరం రాగిచేను.
టేపు ఒక కొన నేను పట్టుకున్నాను,
రెండో కొన ఆమె.
ఫారంలో గడులు: పంట, విస్తీర్ణం, శాతం.

"మూడు రాత్రులు" అంది.
మూడు రాత్రులకి గడి లేదు.

మొదటి రాత్రి రేకుడబ్బా కొట్టింది.
డబ్బా సొట్టలు పోయింది గానీ
వాడు నమలడం ఆపలేదు.
ఒంటికొమ్మోడు. ఆమె "వాడు" అనే అంటుంది,
చెప్పకుండా ఇల్లొదిలిన మరిదిని అన్నట్టు.

రెండో రాత్రి పిడకల మీద ఎండుమిరపకాయలు పోసి పొగేసింది.
గాలి తిరిగింది.
కండ్లు మండినవి ఆమెకే.

మూడో రాత్రి వాన.
టార్చి లైటు తడిసి చచ్చింది.
మంచె కాలొకటి విరిగింది.
దిగి గట్టు మీద నిలబడింది, వట్టి చేతుల్తో.
"ఏం చేస్తివి?"
"మాట్లాడినా."

"రేయ్ అబ్బోడా, నీకూ ఆకలే, నాకూ ఆకలే.
నీ అడివిలో నేను సీతాఫలాలు ఏరుకోలేదా,
చీపురుపుల్లలు కోసుకోలేదా?
తిను. తొక్కొద్దు.
తొక్కేదుంటే ఈడనే ఉండా,
నాతోనే మొదలుపెట్టు."

పదడుగుల దూరం. తడిసిన తోలు వాసన.
"బయం కాలేదా?"
"కాకేం. కాళ్ళు వణికినాయి.
వణికితే వణకనీలే సారూ,
నిలబడింది ఆ కాళ్ళ మీదనే గదా."

తెల్లారేసరికి చేనంతా చాప పరిచినట్టు.
గట్టు కాడ మాత్రం, ఆమె నిలబడిన చోట,
బండి పట్టేంత జాగా వదిలేసి తిరుక్కోని పోయినాడు.
అక్కడి వెన్నులు లెక్కపెట్టడం మొదలుపెట్టి
డెబ్బై దగ్గర మానేశాను.

తొంభై ఐదు శాతం అని రాశాను.
"చదువు" అంది. చదివాను.
"వాడు గెల్చినాడని రాసినావా?"
లేదన్నాను.
"నేను ఓడినానని?"
దానికీ గడి లేదన్నాను.
ఇంకుప్యాడు తీస్తే పక్కకి నెట్టి,
పెన్ను అడిగి తీసుకోని
చెం, గ, మ్మ
ఒక్కో అక్షరానికీ ఊపిరి పీల్చుకుంటూ.

జీపు తిప్పుతుంటే అద్దంలో కనబడింది:
చేటంత చేటంత అడుగులు,
వాన నీళ్ళు ఇంకి మెత్తబడినవి.
ఒళ్ళో ఉలవలు పోసుకోని
అడుగుకింత విదిలిస్తా పోతోంది
అడివి దిక్కే.
వాడి అంగ పెద్దది.
ఒకటి దాటను ఆమెకి మూడు పడుతున్నాయి.